గెలుపునకు మందు కలదా?

మన తెలుగులో ‘మందు’ అను మాట విచిత్రమైనది. జ్వరపీడితుడు మ్రింగునది మందు. శివకాశిలో టపాకాయలయందు కూరునది మందు. కోవిల్‌పట్టిలో అగ్గిపుల్ల తలకు అంటించునదియు మందే. ఒకటి ప్రాణమును నిలుపును; మరియొకటి క్షణకాలము వెలిగి బూడిదయగును. ఇంత భేదము గల వస్తువులను ఒకే మాటతో పిలిచిన మన పూర్వులు ఆ భేదమును ఎరుగనివారు కారు. గుణదోషములు వస్తువునందు కంటె దానిని ఉపయోగించువాని ఉద్దేశమునందే ఎక్కువగా ఉండునని వారి తలంపు కావచ్చును.

నేడు క్రీడారంగమున మరియొక మందు స్థిరపడియున్నది. అది రోగిని స్వస్థుని చేయుటకు కాక, స్వస్థుడైనవానిని మరింత వేగముగా పరుగెత్తించుటకు, మరింత బరువు ఎత్తించుటకు వాడబడుచున్నది. దీనిని ఉత్తేజకౌషధ సేవనమందురు. లోకవ్యవహారమున ‘డోపింగు’ అందురు. తన దేహమునకు తానే మందు పుచ్చుకొని గెలిచినవాడు ఎవరికి అపకారము చేసినట్లు? అతని గెలుపు గెలుపు కాకపోవుటకు కారణమేమి? మైదానమున తిరుగు బాలురు ఏ ఇంట లేరు? హాకీకి పేరెన్నిక గన్న కోవిల్‌పట్టిలోను, విద్యకును వర్తకమునకును పేరుగన్న విరుదునగరములోను నివసించు మన కుటుంబములకు ఇది దూరదేశపు వార్త కాదు.

ఈ సమస్యను తెలిసికొనుటకు సైకిలు పందెముల చరిత్రను మించిన పాఠ్యగ్రంథము లేదు. ఫ్రాన్సు దేశమున 1903లో ఆరంభమైన ‘టూర్ ద ఫ్రాన్స్’ అను మహాపందెమున పోటీదారులు మూడు వారములలో సుమారు 3,500 కిలోమీటర్లు తొక్కవలెను. ఆల్ప్స్, పిరెనీస్ పర్వతములను దాటవలెను. ఇట్టి శ్రమకు మానవదేహము తనంతట తాను చాలదను అభిప్రాయము ఆదినుండియు పోటీదారులలో ఉండెను. 1924లో పెలిసియే సోదరులు పందెమును మధ్యలో విడిచి, ఆల్బేర్ లోండ్ర్ అను పత్రికారచయిత యెదుట తమ సంచులు విప్పి, కన్నులకు కొకైనును, చిగుళ్లకు క్లోరోఫారమును, పెక్కు మాత్రలను చూపిరి. ఆనాడు అది రహస్యము కాదు, నేరమును కాదు, కష్టజీవుల గోడుగా మాత్రమే లోకము దానిని విన్నది.

ఆ గోడు మరణముగా పరిణమించిన దినము 1967 జూలై 13. ఇంగ్లండు దేశీయుడైన టామ్ సింప్సన్ అప్పటికి రెండేండ్లకు ముందు, 1965లో, ప్రపంచ విజేత. వాని వయస్సు 29 సంవత్సరములు. సుమారు 1,900 మీటర్ల ఎత్తుగల మాంట్ వెంటూ అను బోడికొండపై, నిప్పులు చెరుగు ఎండలో ఎక్కుచు అతడు సైకిలుపైనుండి పడెను. తన్ను మరల ఎక్కింపుమని కోరి, కొంత దూరము పోయి మరల పడెను. పిదప లేవలేదు. వాని దేహమున ఆంఫెటమిను, మద్యము ఉన్నట్లు పరీక్షలో తేలెను. అంగీ జేబులో ఆ మాత్రల గొట్టములు దొరకెను. ఇంటివద్ద భార్య, ఇద్దరు చిన్న కుమార్తెలు మిగిలిరి.

ఆంఫెటమిను చేయు పనిని తెలిసికొనుట అవసరము. అది దేహమునకు క్రొత్త బలమును ఇయ్యదు. అలసటను తెలుపు గంటను మ్రోగకుండ ఆపును, అంతియే. ఎండలో శ్రమించు దేహము లోపలి వేడిని చెమట ద్వారా, చర్మము ద్వారా వెలికి పంపును. పంపలేనప్పుడు ‘ఇక ఆగుము’ అని చెప్పును. మందు ఆ మాట వినరాకుండ చేయును. అలసట మనకు శత్రువు కాదు. అది దేహము నియమించిన కావలివాడు. కావలివానిని నిద్రపుచ్చి ఇంటి తలుపులు తెరచినవాడు దొంగను నిందించి ప్రయోజనమేమి?

సింప్సన్ మరణమునకు ముందే, 1966లో, ఆ పందెమున తొలిసారి పరీక్షలు జరిపినపుడు పోటీదారులు మరునాడు సైకిళ్లు దిగి నడచి నిరసన తెలిపిరి. ఐదుమార్లు ఆ పందెమును గెలిచిన జాక్ ఆంక్తిల్ అంతటివాడు, కేవలము నీరు త్రాగి ఇట్టి పందెములు సాగింపజాలమని బహిరంగముగా వాదించెను. అతడు కపటి కాడు. తాను నమ్మినది దాచక చెప్పెను. కాని తరువాతి తరమువారు ఆ నిష్కాపట్యమును విడిచి, మందును మాత్రము నిలుపుకొనిరి.

1980ల చివర ఎరిత్రోపోయెటిన్ అను మందు మార్కెట్టులోనికి వచ్చెను. ఇది మూత్రపిండములు సహజముగా తయారుచేయు హార్మోనే. ఎముకల మజ్జయందు ఎర్ర రక్తకణములను పుట్టించును. మూత్రపిండములు చెడి రక్తము క్షీణించిన రోగులకు ఇది వరప్రసాదము. నేడు మన ప్రాంతపు ఆసుపత్రులలోను రోగులు దీనివలన బ్రతుకుచున్నారు. దీనినే ఆరోగ్యవంతుడు సూదిద్వారా ఎక్కించుకొనినచో కండరములకు ఎక్కువ ప్రాణవాయువు అందును, ఓర్పు పెరుగును. కాని కణములు మితిమీరినచో రక్తము చిక్కబడును. హృదయమునకు, మెదడునకు ప్రమాదము. చాలకాలము దీనిని కనిపెట్టు పరీక్షయే లేకుండెను. 1997లో అంతర్జాతీయ సైకిలు సంఘము రక్తమున కణముల పాలు నూటికి 50ని మించరాదని హద్దు పెట్టెను. 1998 జూలైలో ఫెస్టినా జట్టు సహాయకుని కారు నిండ మందులతో సరిహద్దున పట్టుబడెను. ఇటలీ దేశపు వీరుడు మార్కో పాంతానీ 1998లో తన దేశపు పందెమును, ఫ్రాన్సు పందెమును రెండింటిని గెలిచి, మరుసటి ఏడు హద్దుమీరిన రక్తముతో పందెమునుండి బహిష్కృతుడై, క్రమముగా క్రుంగి, 2004 ఫిబ్రవరి 14న ఒక హోటలు గదిలో ఒంటరిగా, కొకైను విషమువలన మరణించెను. వయస్సు 34.

ఇక అమెరికా దేశీయుడైన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ లోకవిదితము. క్యాన్సరును జయించి, 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుమార్లు టూర్ గెలిచి, కోట్లమందికి ఆదర్శప్రాయుడాయెను. 2012లో ఆ ఏడు విజయములును రద్దయ్యెను. 2013 జనవరిలో తాను మందులు వాడితినని అతడు ఒప్పుకొనెను. ఆ ఏడు విజయములు వేరెవ్వరికిని ఈయబడలేదు. ఏలయన తరువాతి స్థానములలోని వారిలో పెక్కురు అట్టివారే. నేటికిని ఆ పందెపు విజేతల పట్టికలో ఆ ఏడేండ్లు శూన్యముగా నున్నవి.

ఈ చరిత్రనుండి పుట్టిన వాదములను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి వాదము: ‘నా దేహము నాది, దానికి కలుగు హానియు నాదే, ఇతరులకేమి?’ వినుటకు ఇది న్యాయముగానే తోచును. ఒంటరిగా కొండయెక్కువాని విషయమున కొంత న్యాయమే కావచ్చును. కాని పందెము ఒంటరిపని కాదు. పదిమందిలో ఒకడు మందు పుచ్చుకొనినచో తక్కిన తొమ్మండుగురికి మూడు మార్గములే మిగులును: తామును పుచ్చుకొనుట, ఓడిపోవుట, విడిచిపోవుట. అనగా తన దేహమును గూర్చి అతడు చేసిన నిర్ణయము ఇతరుల దేహములపై శాసనమగుచున్నది.

దీనికి సాక్షి క్రిస్తోఫ్ బస్సాన్స్. ఇతడు పట్టుబడిన ఆ ఫెస్టినా జట్టులోనివాడే. జట్టువారు తాము చేసినది ఒప్పుకొనినపుడు, బస్సాన్స్ మాత్రము ఎన్నడును మందు ముట్టలేదని వారే సాక్ష్యమిచ్చిరి. 1999 టూర్‌లో అతడు ఒక పత్రికలో తన అనుమానములను వ్రాయుచుండగా, తోడివారు వానితో మాటలాడుట మానిరి. ఆర్మ్‌స్ట్రాంగ్ పందెము మధ్యనే వానిని సమీపించి, ఈ వృత్తి విడిచిపొమ్మని చెప్పెను. బస్సాన్స్ పందెమును విడిచెను. 2001లో ఆ వృత్తినే విడిచెను. తరువాత బోర్డో ప్రాంతమున ఉత్తేజకౌషధ నివారణకై పనిచేసెను. ఇతనికి కలిగిన నష్టము ఏ పట్టికలోను చేరలేదు. గెలువవలసిన పందెములు, సంపాదింపవలసిన ధనము, ముప్పది యేండ్లయినను నిండక ముందే ముగిసిన వృత్తి, ఇవి అన్నియు ఇతరులు ‘తమ దేహమునకు తాము’ చేసికొనిన పని ఫలములే.

రెండవ వాదము: ‘అందరును పుచ్చుకొనుచున్నపుడు అందరును సమానులే గదా?’ ఇది సత్యము కాదు. మందు అందరి దేహములయందు ఒకే తీరున పనిచేయదు. సహజముగా రక్తకణములు తక్కువ గలవానికి హద్దువరకు పెంచుకొనుటకు ఎక్కువ అవకాశము. ఎక్కువ గలవానికి తక్కువ. ధనవంతుడు నేర్పరియైన వైద్యుని కుదుర్చుకొనును. బీదవాడు ఎవడో ఇచ్చిన సీసాను నమ్మును. కాబట్టి పోటీ కాళ్లనుండి తప్పి వైద్యుని చేతికిని, డబ్బుసంచికిని మారుచున్నది. అంతేకాక, అందరును చేయుట ఏ పనికిని ధర్మత్వము నియ్యదు. కల్తీ నూనె అమ్ము వీధిలో ఒకడు మంచి నూనె అమ్మినచో నష్టపోవును. అంతమాత్రమున కల్తీ న్యాయమగునా? తూకమునకు మాటపడని వర్తకులు మన విరుదునగరమున ఎందరో కలరు. వారిని అడిగినచో సమాధానము చెప్పుదురు.

మూడవ వాదము అన్నింటికంటె సూక్ష్మమైనది: ‘పుట్టుకచేతనే మనుష్యులు అసమానులు గదా? ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. సహజమైన అసమానత న్యాయమై, మందువలన కలిగినది అన్యాయమగుట ఎట్లు?’ ఫిన్లండు దేశమున ఈరో మంతిరాంత అను మంచుపందెముల వీరుడు ఉండెను. 1960లలో ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచెను. వాని వంశమున పుట్టుకతోనే ఒక జన్యువిశేషము కలదనియు, దానిచేత రక్తకణములు ఇతరులకంటె మిక్కిలి ఎక్కువగా పుట్టుననియు 1990లలో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇతరులు సూదితో పొందగోరునది అతనికి తల్లిగర్భముననే లభించినది!

ఇచ్చట మనకు కర్ణుడు జ్ఞప్తికి వచ్చును. కర్ణుడు కవచకుండలములతో పుట్టెను. దానికై వానిని ఎవరును నిందింపలేదు. పుట్టుకతో వచ్చినది ఘనతయు కాదు, దోషమును కాదు. కాని అదే కర్ణుడు తాను బ్రాహ్మణుడనని అబద్ధమాడి పరశురాముని వద్ద బ్రహ్మాస్త్రము నేర్చెను. అతని శ్రద్ధ నిజము, సేవ నిజము, నేర్పు నిజము. ఆధారము మాత్రము అబద్ధము. నిజము తెలిసిన గురువు, అవసరమైన వేళ ఆ విద్య నీకు స్ఫురింపకుండుగాక యని శపించెను. కవచమునకు లేని శాపము అస్త్రమునకు కలిగినది. భేదము బలమునందు లేదు. దానిని పొందిన మార్గమునందు ఉన్నది.

‘ఏ మందు నిషిద్ధము, ఏది కాదు అను హద్దు మనుష్యులు గీచినదే గదా’ అని మరల ప్రశ్నింపవచ్చును. నిజమే. కాఫీ నేడు నిషిద్ధము కాదు, మరియొకటి నిషిద్ధము. ఈ పట్టికను ప్రపంచ ఉత్తేజక నిరోధక సంస్థ, 1999లో ఏర్పడినది, ఏటేట సవరించుచున్నది. కాని మనుష్యులు ఏర్పరచినదగుటచేత నియమము వ్యర్థము కాదు. మన దేశమున బండ్లు ఎడమప్రక్కన పోవలెననుటయు మనుష్యులు ఏర్పరచినదే. కొన్ని దేశములలో కుడిప్రక్కన పోవుదురు. అంతమాత్రమున మదురై రహదారిపై కుడిప్రక్కన బండి తోలువాడు తత్త్వవేత్త కాడు, ప్రాణాపాయము కలిగించువాడు. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదనుట నియమము. ఆ నియమమే లేనిచో అది గదాయుద్ధము కాదు, కేవలము కొట్లాట. నియమమునకు లోబడుదునని ఒప్పుకొని పందెమున దిగి, రహస్యముగా దానిని మీరువాడు ఆడినట్లు కనబడును గాని ఆడుటలేదు. అతడు గెలిచినది ఏమో అతనికే తెలియదు.

ఇక తెలియక చేసినవాని సంగతి. క్రీడానియమముల ప్రకారము నిషిద్ధవస్తువు దేహమున కనబడినచో, అది ఎట్లు వచ్చినను బాధ్యత క్రీడాకారునిదే. తన తప్పు లేదని అతడే రుజువు చేసికొనవలెను. చేసికొనినచో శిక్ష తగ్గవచ్చును. ఇది కఠినమైన నియమము. తిరుచిరాపల్లి సమీపమున ఒక చిన్న గ్రామమున, బీదకుటుంబమున పుట్టిన గోమతి మారిముత్తు 2019 ఏప్రిలులో దోహాలో ఆసియా పోటీల 800 మీటర్ల పరుగున స్వర్ణపతకము గెలిచినపుడు తమిళదేశమంతయు ఆనందించెను; మనమును ఆనందించితిమి. తరువాత పరీక్షలలో నాండ్రోలోన్ జాడ కనబడెను. తాను తెలిసి ఎన్నడును పుచ్చుకొనలేదని ఆమె చెప్పెను. 2020లో నాలుగేండ్ల నిషేధము విధింపబడి, పతకము రద్దయ్యెను. ఆమె అంతరంగమును తీర్పుచెప్పుటకు మనమెవరము? అయినను ఒక విషయము స్పష్టము: ముప్పదియవ యేట ఎక్కిన మెట్టునుండి క్రిందపడినది ఆమె ఒక్కతెయే. ఆమెను మోసికొని ఊరేగించిన చేతులు ఆ వేళ కనబడలేదు.

తెలియనివారికి మందు ఇచ్చువారి పాపము ఇంకను ఘోరము. తూర్పు జర్మనీ ప్రభుత్వము 1970, 80లలో ఈతనేర్చు చిన్న బాలికలకు సైతము పురుషహార్మోను మాత్రలను విటమినులని చెప్పి మ్రింగించెను. వారిలో పెక్కురు జీవితమంతయు రోగగ్రస్తులైరి. 2000లో ఆ దేశపు క్రీడాధికారి, వైద్యుడు న్యాయస్థానమున దోషులుగా నిర్ణయింపబడిరి. మన పల్లెలలో ఎడ్లబండ్ల పందెములు చూచుచున్నాము. ఎవడైన తన ఎద్దునకు మత్తుపదార్థము పట్టించి తోలినచో, నోరులేని జంతువును హింసించెనని మనము చీకొట్టుదుము. పదునారేండ్ల బాలునికి ‘ఇది బలమునకు’ అని పొడి డబ్బా చేతికిచ్చు శిక్షకుని విషయమున అంత కోపమైన మనకు రావలదా? ఆ బాలునికి నోరు కలదు, కాని అడుగు ధైర్యము లేదు.

మన దేశమున ఈ జాడ్యము స్వల్పము కాదు. జాతీయ ఉత్తేజక నిరోధక సంస్థ 2005లో ఏర్పడినది. 2022లో దీనికై ప్రత్యేక చట్టము వచ్చినది. 2023లో సేకరించిన 5,606 నమూనాలలో రెండువందలకు పైగా దోషయుక్తములని తేలెను. పెద్దసంఖ్యలో పరీక్షలు జరుపు దేశములలో ఇంత పాలు మరెచ్చటను లేకుండెను. దీని మూలము కేవలము దురాశ కాదు. పతకమున్నచో క్రీడాకోటాలో రైల్వేయందో, పోలీసుశాఖయందో ఉద్యోగము. ఉద్యోగమున్నచో కుటుంబమునకు గంజి. వానను నమ్ముకొని నల్లరేగడి దున్ను తండ్రికి కొడుకు కాళ్లే మిగిలిన ఆస్తి. అట్టి తండ్రి ‘ఎట్లు గెలిచితివి?’ అని అడుగడు, ‘గెలిచితివా?’ అని అడుగును. ఆ ప్రశ్న వినువాడు తన కొరకు కాక ఇంటికొరకు మందు పుచ్చుకొనును. కనుక ఈ పాపమున మనకును పాలు కలదు. అట్టి బాలుని నిందించుటకు ముందు మన ప్రశ్నను మార్చుకొనవలెను.

వ్యక్తిగత ఫలములలో మరణమును, రోగమును, ధననష్టమును అందరును చెప్పుదురు. వాని వెనుక దాగియున్నది మరియొకటి కలదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కుమారునికి పదమూడేండ్లు. తండ్రిని ఎవరైన దూషించినచో ఆ బాలుడు అది నిజము కాదని ఎదురు వాదించుచుండెను. తుదకు ఒకనాడు తండ్రి వానిని పిలిచి, నిజము చెప్పి, ఇకమీదట నన్ను సమర్థింపకుమని కోరెను. ఈ సంగతి ఆ తండ్రియే లోకమునకు చెప్పెను, చెప్పుచు కంటతడిపెట్టెను. ఏడు విజయములు పోయినందుకు రాని కన్నీరు ఇచ్చట వచ్చెను. తండ్రి మాటను నమ్మి పదిమందిలో నిలువబడిన బిడ్డచేత అబద్ధమాడించితినని తెలిసికొనుటకంటె ఘోరమైన శిక్షను ఏ న్యాయస్థానము విధింపగలదు? అబద్ధము ఒక్కనితో ఆగదు. దానిని కాపాడుటకు భార్య మౌనము వహింపవలెను. స్నేహితుడు సాక్ష్యము మార్చవలెను. నిజము చెప్పినవారిని అబద్ధీకులనవలెను. ఎమ్మా ఓరైలీ అను ఐర్లండు స్త్రీ ఆ జట్టులో మర్దన పనిచేసినది. చూచినది చూచినట్లు చెప్పినందుకు ఏండ్ల తరబడి నిందలు, దావాలు భరించినది. మందు ఒక్కని రక్తములో చేరినది. విషము మాత్రము పదికుటుంబములలో పారినది.

మన విరుదునగరము జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు తెలుగువారికి పూజనీయము. శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదను వ్రాసినది ఆ ఊరి గోదాదేవిని గూర్చియే. గోదాదేవి తాను ధరించిన మాలనే స్వామికి సమర్పించెను. తండ్రి అది తప్పని భయపడెను. స్వామి ఆమె తాల్చిన మాలయే తనకు ప్రీతియనెను. లోపల ప్రేమ కలదు గనుక విడిచిన మాలయు పవిత్రమాయెను. లోపల వంచన యున్నచో క్రొత్త మాలయు వాడినదే. సిడ్నీ ఒలింపిక్కున 2000లో పొందిన కాంస్యపతకమును ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో తిరిగి ఇచ్చివేయవలసివచ్చెను. మెడలో వేసికొనిన మాలను దించి ఇచ్చుట ఒక స్త్రీకి భక్తియాయెను. ఒక పురుషునికి అవమానమాయెను.

ఇక మనము చేయదగినదేమి? ఉపన్యాసములతో ఈ పని కాదు. మైదానమునకు పోవు బిడ్డ ఏ పొడి తినుచున్నాడో, ఎవరు ఇచ్చిరో, తల్లిదండ్రులు తెలిసికొనవలెను. ఉబ్బసము మొదలగు రోగములకు మందు అవసరమైనచో నియమములలోనే వైద్యకారణముగా అనుమతి పొందు మార్గము కలదు, దాచుట అనవసరము. వైద్యుని వద్దకు పోయినపుడు ‘వీడు పోటీలలో ఆడును’ అని ముందుగా చెప్పవలెను. మన సంఘములవారు ఏటేట ఉగాదినాడు గెలిచిన బాలబాలికలకు బహుమతులిత్తురు, ఇది మంచిదే. మొదటివానితోపాటు, ఏడాదిపొడుగునను తెల్లవారుజామున మైదానమునకు వచ్చి, ఎనిమిదవవాడుగా నిలిచి, తిరిగి మరునాడును వచ్చువానిని కూడ ఆ వేదికమీదికి పిలువవలెను. ఓడినను ఇంట అన్నము, ఊరిలో గౌరవము ఉండునని తెలిసిన బాలుడు మందుకొరకు చేయి చాపడు.